చక్కెర గిన్నెకి పోస్టేజీ నలభై రెండు

ఆరు డాలర్ల చక్కెర గిన్నెకి పోస్టేజీ నలభై రెండు డాలర్లా!

టామ్సిన్ ఫోన్‌ని బల్ల మీద బోర్లించింది. మళ్లీ తిప్పి చూసింది. అంకె మారలేదు. ఆన్‌లైన్ వేలంపాట ఇంకో ఏడు సెకన్లలో ముగుస్తుందనగా ఊపిరి బిగబట్టి పాట పెంచింది, గెలిచింది, కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న పోస్టేజీ మాత్రం చదవలేదు. అయినా తప్పు మనదైనప్పుడే కదా కోపం రెట్టింపయ్యేది!

అమ్మినవాడి పేరు రోరీ. ఉండేది కంగారూ ద్వీపంలో. వెంటనే మెసేజ్ కొట్టింది.

"ఏమండీ, గిన్నెని విమానంలో కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి పంపిస్తున్నారా?"

"లేదండీ, ఫెర్రీలోనే. కాకపోతే జాగ్రత్తగా."

"మా మూంటా పోస్టాఫీసులో అడిగాను. పద్నాలుగు డాలర్లన్నారు."

"వాళ్లు పంపడానికి చెప్పారు. నేను పగలకుండా చేరడానికి చెప్పాను."

"అబ్బో! వస్తువు చవగ్గా పెట్టి పోస్టేజీలో పిండుకోవడం మీకు అలవాటే కాబోలు."

"పాట పాడేముందు చదవడం మీకు అలవాటు లేదు కాబోలు."

ఒళ్లు మండిపోయింది. "మా అమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజని ఊరుకుంటున్నా. లేకపోతే ఆ గిన్నె మీ మొహానే కొట్టేదాన్ని!"

కాసేపటికి జవాబొచ్చింది. "పుట్టినరోజు ఎప్పుడు?"

"వచ్చే నెల మొదటి ఆదివారం. మీకెందుకు?"

అతనికి ఎందుకో గానీ, ఆమెకి మాత్రం ఆ గిన్నె కావాలి. ఏడేళ్లప్పుడు అమ్మమ్మ పెళ్లినాటి టీ సెట్‌లో చక్కెర గిన్నెని పగలగొట్టింది టామ్సిన్. "పిల్లి పడేసిందిలే" అని అందరికీ చెప్పింది అమ్మమ్మ. ఇంట్లో పిల్లే లేదు! ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో చక్కెర జామ్ సీసాలోనే ఉంటోంది. అచ్చం అలాంటి నీలి అంచు గిన్నెనే అమ్మమ్మ చేతిలో పెట్టాలని ఎన్నాళ్లుగానో వెతుకుతోంది.

కోపం చల్లారక సైట్‌లో ఫిర్యాదు పెట్టింది. అదనంగా తీసుకున్న ఇరవై ఎనిమిది డాలర్లూ వెనక్కివ్వాలని తీర్పొచ్చింది. రోరీ కిక్కురుమనకుండా ఇచ్చేశాడు. అంతటితో ఊరుకుందా? అతని పేజీలో "పోస్టేజీ దొంగ! జాగ్రత్త!" అని రాసి, హాయిగా టీ తాగింది.

మర్నాడు పార్సెల్ వచ్చింది.

అట్టపెట్టె కాదు, చెక్కపెట్టె. గొర్రెల కొట్టం పాత పలకలని నున్నగా చిత్రికపట్టి, మూలలు కుదిర్చి చేసింది. లోపల మెత్తటి ఉన్ని. ఉన్ని మధ్యలో గిన్నె, చిన్న గీతైనా పడకుండా. పక్కన చీటీ.

"ఒకసారి అట్టపెట్టెలో కప్పు పంపితే ముక్కలై చేరింది. కొన్న పెద్దావిడ ఫోన్లో ఏడ్చింది. అప్పట్నుంచి పెట్టెలు నేనే చేస్తున్నాను. అమ్మమ్మగారికి శుభాకాంక్షలు చెప్పండి."

చీటీ మీద తేదీ ఆమె ఫిర్యాదు పెట్టకముందుది. టామ్సిన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. రాసిన మాట చెరిపేద్దామంటే, అమ్మినవాడు అడిగితే తప్ప కుదరదంది సైట్.

"తీసేయమని అడగండి, ప్లీజ్."

"ఎందుకండీ? మూడొందల పొగడ్తల్లో ఒక్క తిట్టు. దిష్టిచుక్కలా ఉంది, ఉండనివ్వండి."

పక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే మొదలైంది. రోజూ మెసేజ్‌లు. ఈ పూట ఎన్ని గొర్రెపిల్లలు పుట్టాయో అతను, కజ్జికాయల్లా కూర పెట్టి కాల్చే పాస్టీల్లో టర్నిప్ దుంప వేయనివాళ్లు మనుషులేనా అని ఆమె. వారం తిరిగేసరికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. రమ్మని పిలవాలని ఆమెకి మనసు పీకుతోంది. అన్నేసి మాటలన్న నోటితో ఎలా పిలుస్తుంది?

అందుకని పెట్టెని వేలానికి పెట్టింది.

"ఖాళీ చెక్కపెట్టె. పాట తొంభై తొమ్మిది సెంట్ల నుంచి. పోస్టులో పంపబడదు. మొదటి ఆదివారం మూంటా వచ్చి తీసుకెళ్లాలి."

ఆ లింకు మాత్రం అతనికి పంపి, గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. అయిదు నిమిషాల్లో రోరీ పాట పడింది. హమ్మయ్య అనుకునేలోపే 'మంచిముత్యం' అట, ఎవరో రెండు డాలర్లన్నారు! రోరీ అయిదు. ముత్యం పది. మూడు రోజుల్లో ఖాళీ పెట్టె యాభై ఏడుకెక్కింది, అదీ ముత్యం పాట మీద.

బుధవారం సాయంత్రం, ఆఖరి నిమిషం. టామ్సిన్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఈ ముత్యం గెలిస్తే అతను రాడు. ఇరవై సెకన్లు. పది. ఏడు...

యాభై ఎనిమిది. రోరీ!

ఆదివారం ఒకటే వాన. వ్యాన్ ఆగింది. దిగిన మనిషి గేటు నుంచి వరండాకి వచ్చేలోపు తడిసి ముద్దయ్యాడు. ఫొటోలో కన్నా పొడుగు, ఫొటోలో కన్నా సిగ్గు.

"పెట్టె... పెట్టె తీసుకెళ్దామని వచ్చాను."

"రావడానికి ఎంతయింది?"

"ఫెర్రీ, పెట్రోలు కలిపి రెండొందల పైనే. యాభై ఎనిమిది డాలర్ల పెట్టెకి దారుణం కదూ? ఫిర్యాదు పెట్టేదా?"

"పెట్టు. తీర్పు నేను చెప్తా." నవ్వబోయి ఆగింది. "నిన్ను దొంగన్నాను రోరీ. నన్ను క్షమించు."

"నేను పెట్టె కోసం రాలేదు టామ్సిన్. నీ కోసం వచ్చాను."

"నాకు తెలుసు. నేనూ పెట్టె అమ్ముదామని పెట్టలేదు."

లోపల్నుంచి దగ్గు వినిపించింది. లవ్‌డే అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, పొద్దున మనవరాలిచ్చిన నీలి అంచు గిన్నెని రెండు చేతులా పట్టుకుని.

"యాభై ఏడు దాకా లాగానోయ్ నిన్ను. నువ్వు ఇంకొక్క డాలరు వేయకపోయుంటే ఆ ఖాళీ పెట్టె నా నెత్తిన పడేది!"

"అమ్మమ్మా! మంచిముత్యం నువ్వా?"

"రోజంతా ఫోన్ చూసుకుని నవ్వుకుంటుంటే, ఖాళీ పెట్టెని వేలానికి పెడుతుంటే నాకు తెలీదనుకున్నావా? కుర్రాడు ఎంతదాకా వస్తాడో చూడొద్దూ? పర్లేదు, గట్టివాడే." గిన్నె వైపు చూసింది. "ఇన్నాళ్లకి ఆ పిల్లి దీన్ని తెచ్చిచ్చింది. రా నాయనా, లోపలికి రా. టీలోకి చక్కెర ఎన్ని చెంచాలు?"

"రెండండీ."

సాయంత్రం వాన వెలిశాక టామ్సిన్ పెట్టె తెచ్చి అతని చేతికివ్వబోయింది. రోరీ తీసుకోలేదు.

"ఇక్కడే ఉండనీ. మళ్లీ వచ్చి తీసుకెళ్తాను."