నడుమ ఆపొద్దు

తలుపు దబాలున తెరుచుకుంది. బల్ల అదిరి, తిరుగుతున్న రికార్డు మీద సూది ఎగిరి ఎక్కడో పడింది.

మల్సూర్ హెడ్‌ఫోన్స్ తీసి, వచ్చింది ఎవరో చూడకుండానే తిట్టడానికి నోరు తెరిచాడు. పొద్దున్నుంచీ ఆ పాత హరికథ రికార్డుతో కుస్తీ పడుతున్నాడు మరి. హైవే మీద బరువు లారీ పోతే చాలు, సూది గంతులేస్తుంది. లారీలు లేని అదను చూసి సగం దాకా టేపులోకి ఎక్కించాడో లేదో, ఇప్పుడు ఈ తలుపు.

“బయట బోర్డు సదవలేదా? తలుపు మెల్లగ తియ్యాలని రాసిపెట్టినం.”

“సదివిన. వానల తడిసేటోళ్ళు మెల్లగ ఎట్ల తియ్యాల్నో అది రాయలేదు.”

అప్పుడు చూశాడు. చున్నీ కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి, చెప్పుల నిండా బురద. మనిషి నిలువునా తడిసింది గానీ, గుండెకు హత్తుకున్న ప్లాస్టిక్ కవర్ లోపలికి చుక్క నీరు పోనివ్వలేదు. అంతసేపూ ఉన్న కోపం ఎటు పోయిందో మల్సూర్‌కు తెలియలేదు. కూర్చోమని స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. స్టూలు తడుస్తుందట.

అది తొంభై ఆరు వానాకాలం. సూర్యాపేట బస్టాండు వెనక సందులో ఉన్న ఆ రికార్డింగ్ సెంటర్ మల్సూర్ మేనమామ గౌరయ్యది. సీడీలు వస్తున్నాయి, క్యాసెట్ల పని అయిపోయిందని ఊరంతా అంటుంటే, గౌరయ్య మాత్రం హైదరాబాదులో మూతపడుతున్న ఒక స్టూడియో నుంచి పాత డ్యాట్ రికార్డర్ కొని భుజాన వేసుకుని బస్సు దిగాడు. మామూలు క్యాసెట్‌లో సగం ఉండే చిన్న టేపులో పాటను అంకెలుగా మార్చి దాచే మిషన్ అది. ఎన్నిసార్లు విన్నా పాట అరగదు. తాను జీవితమంతా కూడబెట్టిన రికార్డులూ టేపులూ అరిగిపోకముందే అందులోకి ఎక్కించాలని గౌరయ్య పంతం. మామ పంతం పట్టాడు, మేనల్లుడికి మెడనొప్పి పట్టుకుంది.

వచ్చినామె పేరు తారా. నిడమనూరు దగ్గర తండా. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. కవర్లోంచి పేరూ ఊరూ లేని ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది.

“ఇందుల మా యాడి ఉన్నది” అంది. వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ.

తల్లి సుక్కి తారా చిన్నప్పుడే జబ్బు చేసి పోయిందట. ఆమె బతికి ఉండగా మేనత్త రంగికి పెళ్ళి కుదిరితే, వదినగా సుక్కే ఆమెకు ఢావ్లో నేర్పింది. లంబాడీ పెళ్ళికూతురు అత్తారింటికి కదిలే ముందు పాడే ఏడుపు పాట అది. బొంబాయి పనికి పోయొచ్చిన చిన్నాయన కొత్త టేప్‌రికార్డర్ మోజులో ఆ పాఠమంతా పట్టేశాడు. సుక్కి గొంతు ఈ లోకంలో ఇక ఎక్కడైనా ఉంటే అది ఈ క్యాసెట్‌లోనే.

మల్సూర్ మరలు విప్పి చూశాడు. టేపుకు చెమ్మ పట్టింది. వేలితో తాకితే గోధుమరంగు పొడి అంటుకుంది. ఇది ఒక్కసారి నడుస్తది, రెండోసారికి పూతంతా రాలిపోతదని ఉన్నమాట చెప్పాడు. ముందు బియ్యం డబ్బాలో పెట్టి నిమ్మళంగా ఆరనివ్వాలన్నాడు.

“బియ్యానికేం, మిర్యాలగూడ నుంచి మంచియి నేనే తెస్త” అంది తారా. “ఇంట్ల పెండ్లున్నది, దీపావళి దాటినంక. అప్పటికి కావాలె. ఒక్క మాట. నేను లేనప్పుడు నడపొద్దు. ఆ ఒక్కసారి నేను ఇనాలె.”

సరేనన్నాడు. పెళ్ళెవరిదని అడగలేదు. ఇంట్లో చెల్లెలుందేమో అనుకున్నాడు. మనసుకు నచ్చినట్టు అనుకోవడం ఎంత తేలికో!

తరువాత ప్రతి ఆదివారం తారా బస్సు దిగేది. టేపు ఆరిందా అని అడగడం ఒక వంక. ఆరలేదని అతను చెప్పడం ఇంకో వంక. వచ్చినామె ఊరికే కూర్చునే రకం కాదు. తడిబట్టతో రికార్డుల దుమ్ము తుడిచేది, అట్టలు సర్దేది, గౌరయ్యకు టీ చెప్పేది. షాపుకు వచ్చే ఆడపిల్లలందరూ మల్సూర్‌ను అన్నా అనేవారు. ఈ పిల్ల మాత్రం ఏ పిలుపూ లేకుండానే మాట్లాడుతున్నదని గౌరయ్య కనిపెట్టాడు. ఆ మాట మేనల్లుడి చెవిన వేసి, మీసం చాటున నవ్వుకున్నాడు.

పని మధ్యలో మల్సూర్ వేలు ఎప్పుడూ పాజ్ బటన్ మీదే ఉండేది. రికార్డు గరగరమన్నా, పాటకూ పాటకూ మధ్య ఖాళీ వచ్చినా, గాయకుడు గొంతు సవరించుకున్నా టక్కున నొక్కేవాడు. రికార్డు తిరుగుతూనే ఉన్నా, ఎక్కించే మిషన్ ఆగేది. మళ్ళీ పాట అందుకోగానే వదిలేవాడు. నాయిస్ తీసేస్తే పాటొక్కటే మిగులుతుందని అతని సిద్ధాంతం.

“మా బడిల పిల్లలను జూస్తే మీరు ఏం నొక్కుతరో” అని నవ్వేది తారా.

ఒక వాన పూట ఢావ్లో ఎలా పాడతారో చెప్పింది. పెళ్ళికూతురు ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులు వేసి, వరస పెట్టి పిలిచి, తనకూ వాళ్ళకూ ఉన్న బంధాన్ని తలుచుకుని ఏడుస్తుందట. బాపూ అని తండ్రి దగ్గర, భియా అని అన్నదమ్ముల దగ్గర. చుట్టం కాకున్నా, కావలసిన మనిషైతే ఏదో ఒక వరస కలుపుకుంటారట.

“వరస లేకుంటే?” అన్నాడు మల్సూర్.

“వరస పెట్టి పిలవకుంట ఎట్ల ఏడుస్తరు?”

“మరి నా దగ్గర ఏడ్వాల్సి వస్తే ఏమని పిలుస్తరు?”

తారా చేతిలోని తడిబట్ట ఆగింది. “ముందు ఏడిపియ్యుండ్రి, అప్పుడు సూద్దాం” అని మళ్ళీ తుడవడంలో పడింది. అవసరానికి మించి తుడిచింది. వాన వెలిసినా ఆ సాయంత్రం ఒక బస్సు వదులుకుని తరువాతి బస్సు ఎక్కింది.

ఆ వారమంతా మల్సూర్ నేల మీద లేడు. టేపు ఎప్పుడో ఆరింది. శుక్రవారం గౌరయ్య కోదాడకు పోయాడు. షాపులో ఒక్కడే. ఆదివారం ఆమె రాగానే తల్లి పాటను కడిగిన ముత్యంలా చేతిలో పెడితే ఆ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. ఇచ్చిన మాట గుర్తుంది. ఆ ముఖం అంతకంటే ఎక్కువ గుర్తుంది.

టేపు వేశాడు. సుక్కి గొంతు వచ్చింది. ఎండలో పనిచేసిన మనిషి గొంతు, కొంచెం బొంగురుగా, నిండుగా. ఒక చరణం పాడి ఆగింది, ఎక్కిళ్ళు, ఏదో తడబాటు. మల్సూర్ వేలు దానంతటదే పాజ్ నొక్కింది. పాట అందుకోగానే వదిలాడు. మళ్ళీ ఆగింది, చీదిన చప్పుడు, బరువైన ఊపిరి, పక్కన ఎవరో చంటిపిల్ల ఏడుపు. నొక్కాడు. టేపు చివరిదాకా అంతే. టేపును చదివే మిషన్ తలకాయ మీద గోధుమరంగు పొడి కుప్పగా పేరుకుంది.

ఆదివారం తారా చెవులకు తనే హెడ్‌ఫోన్స్ పెట్టాడు. మొదట ఆమె ముఖం అతను ఊహించినట్టే వెలిగింది. తరువాత కనుబొమలు ముడిపడ్డాయి. పాట పూర్తయ్యాక హెడ్‌ఫోన్స్ తీసింది.

“ఏడుపేది?” అంది.

మల్సూర్‌కు అర్థం కాలేదు. నాయిస్ తీసేసిన అన్నాడు, ఇంకా ఆ ముఖం మళ్ళీ వెలుగుతుందన్న ఆశతోనే.

“పాట మా రంగత్తకు వచ్చు. తండాల అందరికి వచ్చు. మాటలన్ని ఒక్కటే ఉంటయి ఎవలు పాడినా. నడుమ ఏడుస్తరు సూడుండ్రి, అదే ఎవలది వాళ్ళది. అదే నేర్పేది. మా యాడి ఏడుపు ఇందామని ఇంత దూరం తెచ్చిన.”

అతను పాత క్యాసెట్ మళ్ళీ పెట్టాడు. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్కడక్కడ, గోడ అవతల ఎవరో మాట్లాడినట్టు ఒక మూలుగు. చంటిపిల్ల ఎవరో అప్పుడు తెలిసింది అతనికి. పెళ్ళిపాఠం చెబుతున్న తల్లి ఒళ్ళో కూర్చుని, తల్లి ఎందుకు ఏడుస్తోందో తెలియక తనూ ఏడ్చిన తారా.

“జర టైమియ్యుండ్రి. చెల్లె పెండ్లి వరకు ఎట్లనన్న చేసి...”

“నాకు చెల్లెలు లేదు” అంది తారా. “పెండ్లి నాది. ఉగాదికే బెల్లం తిన్నరు రెండు దిక్కులోళ్ళు.”

బెల్లం పంచుకుంటే వాళ్ళలో సంబంధం ఖాయమైనట్టే. వరుడు తులసీరాం, కోదాడలో మోటార్లకు వైండింగ్ కడతాడు. మంచివాడు. అతని మీద ఒక్క చెడ్డమాట కూడా లేదని ఆమే చెప్పింది. ముందే చెబుదామని ప్రతి ఆదివారం బస్సెక్కిందట. షాపుకు వచ్చాక చెప్పబుద్ధి కాలేదట.

మల్సూర్ పెళ్ళి ఆపమనలేదు, ఆమెను ఉండమనలేదు. ఏ ముఖం పెట్టుకుని అంటాడు? ఆమెకు మిగిలిన ఒక్క తల్లినీ అతని వేలే తుడిచేసింది. ఖాళీ క్యాసెట్‌ను అదే కవర్లో చుట్టుకుని తారా తలుపు మెల్లగా తీసి వెళ్ళిపోయింది. ఆ మెల్లగా తీయడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

దీపావళి ముందు మంగ్త్యా వచ్చాడు, తారా తండ్రి. తలపాగా చుట్టుకున్న పొడుగాటి మనిషి. షాపంతా ఒకసారి చూసి, బిడ్డ పంపిందన్నాడు. పెళ్ళికి ఆ మిషన్ పట్టుకుని రావాలట.

“రేపు దానికి బిడ్డ పుడితే ఇననీకి ఉండాలంట. నడుమ ఆపొద్దని చెప్పుమన్నది. ‘నువ్వు ఆపొద్దు’ అన్నదని చెప్పుమన్నది.”

ఇన్నాళ్ళూ అతన్ని ‘మీరు’ అన్న నోరు అది. మల్సూర్ తల ఊపాడు.

తండాలో పందిరి కింద రంగుల ఘాగ్రాలు, అద్దాలు, గాజులు. రికార్డర్ భుజాన తగిలించుకుని, మైకు చేతిలో పట్టుకుని మల్సూర్ ఒక గుంజ పక్కన నిలబడ్డాడు. తారా అతన్ని చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో అతనికి తెలుస్తూనే ఉంది.

పాట మొదలైంది. ఆమె మంగ్త్యా మెడ చుట్టూ చేతులు వేసి బాపూ అని పిలిచింది. చరణం అయ్యాక వచ్చిన ఏడుపు ఎవరూ నేర్పింది కాదు. అంత పొడుగు మనిషీ ఒంగిపోయాడు. మల్సూర్ వేలు అలవాటుగా పాజ్ వైపు పోయింది. ఆ చేతిని వెనక్కి తీసి జేబులో పెట్టుకున్నాడు. చిన్నాయన, రంగత్త, ఇరుగుపొరుగు, బడిలో తోటి టీచరమ్మ, అందరి దగ్గరికీ వెళ్ళింది. ఎక్కిళ్ళు, ఊపిరి, గాజుల చప్పుడు, దూరంగా మేక అరుపు, అన్నీ మిషన్‌లోకి పోతున్నాయి.

చివరికి అతని ముందుకు వచ్చి నిలబడింది.

మెడ చుట్టూ చేతులు వేయలేదు. కళ్ళెత్తి చూసింది. పెదవులు కదిలాయి, పిలుపు రాలేదు. కొత్త మనిషి ముందు తడబడుతోందనుకుని వెనక నుంచి రంగి మెల్లగా అందించింది, “భియా అనవే, భియా అను.”

తారా అనలేదు.

పందిరంతా సద్దుమణిగింది. మిషన్ మీద గొంతుతోపాటు ఎగిరిపడే ఆకుపచ్చ లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయి అడుక్కి చేరాయి. మల్సూర్‌కు ఏడుపు తన్నుకొచ్చింది, మైకు కదులుతుందని బిగపట్టాడు. ఆ ఒక్క మాట అనేసి ఉంటే ఆమెకూ తేలిక, అతనికీ తేలిక. వాళ్ళిద్దరూ ఆ తేలికను కోరుకోలేదు. ఆమె మైకు వైరును వేలికొసతో ఒకసారి తాకి, పక్కనున్న ముసలమ్మ మెడ పట్టుకుంది. పాట మళ్ళీ అందుకుంది.

పెళ్ళయిన వారానికి మల్సూర్ ఆ పాటను తారా కోసం మామూలు క్యాసెట్‌లోకి ఎక్కిస్తున్నాడు. మర్నాడు తులసీరాం వచ్చి తీసుకుపోతానన్నాడు. గౌరయ్య పక్కన కూర్చుని వింటున్నాడు, అప్పుడప్పుడు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ.

ఉన్నట్టుండి స్పీకర్లు మూగబోయాయి. లైట్లు అడుక్కి పోయాయి. గౌరయ్య కాసేపు చూశాడు. ఎక్కడో ఒక గాజు కదిలిన చప్పుడు, మళ్ళీ ఏమీ లేదు. ఖాళీ ఎందుకు ఎక్కించడమని పాజ్ మీదికి చెయ్యి చాపాడు.

మల్సూర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఆపకు మామా. అది నాది.”

గౌరయ్య మేనల్లుడి ముఖం చూసి చెయ్యి తీసుకున్నాడు. టేపు తిరుగుతూనే ఉంది, ఇద్దరూ విన్నారు.