వెనక సీటు మీది మెత్త

చీమల్ని దులపడం అయ్యాక నూకరత్నం స్పర్శమెత్తని తడిగుడ్డతో తుడిచి, ఊయలబండి ముందు సీటు మీద పరిచి, నాలుగు కొసలూ బిగించింది. చీమలు రాకేం చేస్తాయి మరి! పక్క షెడ్డులో బళ్లన్నిటికీ పట్టేది చెరకుసారమే. అనకాపల్లిలో ఒకప్పుడు ఆ చెరకుతో బెల్లం వండేవారు, ఇప్పుడు బళ్లు నడుపుతున్నారు. వాసన మాత్రం మారలేదు. పాకం ముదిరి అడుగంటబోయే ముందు వస్తుంది చూడండి, ఆ కమ్మటి వాసన. కడుపు నిండా తిని వచ్చినవాళ్లకి కూడా పొందికశాలలో అడుగు పెడితే మళ్లీ ఆకలి వేస్తుంది.

సముద్రం వచ్చి పాత హైవేని కలిపేసుకున్నాక దారులన్నీ కొండవాలుకి ఎక్కాయి. ఆ దారుల మీద జనాన్ని మోసే పెట్టెబళ్లు వాటంతటవే పోతాయి. ఎక్కినవాడు పడుకోనూ వచ్చు, పప్పు ఏరుకోనూ వచ్చు. చేత్తో హేండిలు పట్టుకుని, మలుపులో ఒళ్లు వంచి నడుపుకునే బండి కావాలంటే మాత్రం కొలువు దిగిపోయిన వాళ్లకే ఇస్తారు, తిరుగుహక్కు కింద. మనిషికి ఒక్క బండి, ఏడేళ్లకి. ఆ ఒక్కటీ ఏదన్నది పొందిక అనే యంత్రం తేలుస్తుంది. పొందిక ఒకచోట కూర్చునేది కాదు. కొండవాలు పొడుగునా ఉన్న శాలలన్నిటికీ ఒకటే బుర్ర. ఒక శాలలో నేర్చుకున్నది అన్ని శాలల్లోనూ పాటిస్తుంది.

వెనకటి రోజుల్లో బండి కొనడమంటే ఇంత తతంగం ఎక్కడిది? ట్యాంకు మీద చెయ్యి వేసి, సీటు మీద రెండుసార్లు ఊగి, "లీటరుకి ఎంతిస్తుంది?" అని అడిగి, బావమరిది బాగుందన్న రంగు తీసుకుని, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి ఇంటికి తెచ్చుకునేవారు. నడుం సంగతి ఏడాది తిరిగాక తెలిసేది. ఇప్పుడలా కాదు. ఊయలబండి ఎక్కి కూర్చుంటే దాని హేండిలూ, సీటూ, ఫుట్‌రెస్టులూ పైకీ కిందికీ జరిగి అడిగిన బండి ఆకారానికి వచ్చేస్తాయి. ఎదుటి గోడ మీద ఘాటురోడ్డు పరుచుకుంటుంది. ఫంకా గాలి మొహాన కొడుతుంది. వెన్నులో ఎక్కడ పోటు, ఏ గుంతకి ఎంత అదురు అన్నదంతా సీటు మీది మెత్త పసిగట్టి పొందికకి చెబుతుంది. నూటికి ఇంత అని సుఖాంకం గోడ మీద పడుతుంది.

ఆ పొద్దు మొదటి పేరు సన్యాసినాయుడిది. కొండవాలు దారికి పగుళ్లు పూడ్చే పనిలో పుట్టి పెరిగినట్టు బతికి, మొన్ననే దిగిపోయిన మనిషి. నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. వెంట ఆయన భార్య వరహాలమ్మ. ఎప్పుడూ చీర తప్ప కట్టని మనిషి, ఈ ప్రయాణం కోసమే కుట్టించుకున్న పంజాబీ డ్రెస్సులో వచ్చి, అడుగడుక్కీ దాన్ని కిందికి లాక్కుంటోంది. వాళ్ల వెనక బెంచీ మీద రెండో పేరు మనిషి, గవర్రాజు. ఫారెస్టు గార్డు పని చేసి దిగాడు. ఒంటరి మనిషి. టోపీ తియ్యడు, నవ్వడు.

"ఎక్కండి బాబాయ్. పిన్నీ, నువ్వు వెనకాల కూర్చో. అటొక కాలు, ఇటొక కాలు," అంది నూకరత్నం.

"అలాగే కూకోవాలనే కదమ్మా ఈ వేషం," అంది వరహాలమ్మ ఎక్కుతూ. "కిందటిసారి చీరతో అడ్డంగా కూకుని..." అని, ఏదో గుర్తొచ్చి ఆగిపోయింది.

పొందిక గొంతు విప్పింది. "నడిపేవారు: సన్యాసినాయుడు. వెనక బరువు: అరవై రెండు కిలోలు. గమ్యం: సీలేరు."

మొదట గజరకం. గుమ్మమంత ఎత్తు గాలితెర, పరుపులాంటి సీటు. గోడ మీద దారి మెలికలు తిరిగింది. సన్యాసినాయుడు రాజాలా కూర్చున్నాడు. సుఖాంకం తొంభై ఒకటి. తరవాత బాణం రకం. హేండిలు కిందికీ మోకాళ్లు పైకీ పోయి, ఆయన పొట్ట ట్యాంకుకి ఒత్తుకుపోయింది. "ఇది కుర్రనాయాళ్లకమ్మా, దింపు," అన్నాడు. ఆఖరున మధ్యరకం. రెండు సిలిండర్లు, సగం గాలితెర, చేతులు కొంచెం ముందుకి చాచాలి. డెబ్భై నాలుగు.

"గజరకం తగినది. ముద్ర వేయవచ్చునా?" అంది పొందిక.

"వరాలూ, నీకెలాగుందే గజరకం?" అన్నాడాయన వెనక్కి తిరిగి.

"భలేగుంది మావా! సోఫాలో కూకున్నట్టుంది."

నూకరత్నం చెయ్యి ముద్ర బొత్తాం దాకా వెళ్లి ఆగింది. ఊయలబండి అద్దంలో ఆమెకి ముందు మనిషి కనబడడు, వెనక మనిషే కనబడుతుంది. గజరకం మలుపు తిరిగినప్పుడల్లా వరహాలమ్మ పెదవులు బిగబట్టడం, చేత్తో తుంటి నొక్కుకోవడం ఆమె చూసింది. మొగుడు ఇటు తిరగ్గానే ఆ మొహం మీదికి నవ్వు రావడమూ చూసింది.

"బాబాయ్, ముద్ర వేసేలోగా పక్క షెడ్డులో సామాన్ల పెట్టెలు చూసి రండి. ఏది కావాలో మీరే చెప్పాలి," అంది. ఆయన సంబరంగా వెళ్లాడు. అప్పుడు నూకరత్నం వరహాలమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "పిన్నీ, నిజం చెప్పు. తొడలు చీలిపోతున్నట్టు లేదూ ఆ సీటు మీద?"

వరహాలమ్మ గుమ్మం వైపు చూసింది. "నీ పుణ్యముంటుంది, గట్టిగా అనకమ్మా. కిందటేడు మా బావగారి బండి అరువు తెచ్చుకుని బయల్దేరాం. చింతపల్లి దాటకుండానే నడుం పట్టేసింది. అబ్బా అని ఒక్క మాట అన్నాను. అంతే! బండి తిప్పేశాడు. సీలేరు దారి అంతా ఆయన చేత్తో పూడ్చిందే. ఇంటికొచ్చి రోజూ అదే కబురు. ఆ మలుపిలాగ, ఈ లోయ అలాగ అని. ముప్పై ఏళ్లు కేరేజీ కట్టి పంపాను గానీ ఆ దారి నేను కంటితో చూళ్లేదు. ఈసారి నోరెత్తను. నోరెత్తితే మానేస్తాడు."

"సీలేరు చాలా దూరం పిన్నీ. అంతదూరం పళ్లు బిగబట్టుకుని ఎలా కూర్చుంటావు?"

"కూకుంటాను."

నూకరత్నం సీటు మీది మెత్తని చూసింది. ఆ శాలలో ఆమె పరిచిన ప్రతిసారీ దాన్ని ముందు సీటు మీదే పరిచింది. అలాగే నేర్పారు. వెనకాల వెయ్యొద్దని ఎవరూ చెప్పలేదు; వెయ్యొచ్చని ఎవరికీ తోచలేదు, అంతే.

"ఇది నీ కింద వేస్తాను. నీ నడుం ఏమంటోందో అదే చెబుతుంది. నువ్వేమీ అనక్కర్లేదు."

"వద్దమ్మా!" వరహాలమ్మ దాని మీద చెయ్యి వేసి అదిమింది. "నేనంటే అబద్ధం ఆడతాను. అది ఆడదు కదా. ఏ బండీ నాకు పనికిరాదని అంటే?"

నూకరత్నం అబద్ధం ఆడలేదు. "ప్రయాణం తగదని రాస్తుంది. తిరుగుహక్కు పోతుంది."

బెంచీ మీంచి గవర్రాజు దగ్గాడు. "ఏటమ్మా ఇంతసేపు? బండి చూసుకోడానికొచ్చారా, పెళ్లిచూపులకొచ్చారా?"

వరహాలమ్మకి నవ్వొచ్చింది. "పెళ్లిచూపులకైనా ఇంతసేపు పట్టలేదు బాబూ. ఆయన్ని అడిగారు, పిల్ల నచ్చిందా అని. నచ్చిందన్నాడు, తాంబూలాలు పుచ్చేసుకున్నారు. నన్నడిగినవాళ్లు ఎవరని?" అనేసి, తనన్న మాట తనకే కొత్తగా వినబడినట్టు మొగుడు వెళ్లిన గుమ్మం వైపు చూసింది. తరవాత మెత్త మీంచి చెయ్యి తీసేసింది.

"వెయ్యమ్మా. వెనకాలే వెయ్యి."

సన్యాసినాయుడు తిరిగొచ్చేసరికి మెత్త చోటు మారింది. "ఏటిది?" అన్నాడు. "ఎక్కు మావా, తరవాత చెప్తాను," అంది ఆవిడ.

పొందిక తడబడింది. "నడిపేవారు వెనక కూర్చున్నారు. సరిచేయండి."

"సరిగానే ఉన్నారు. కొలిచి చూడు," అంది నూకరత్నం.

గజరకం మళ్లీ దారి పట్టింది. సుఖాంకం ఇరవై తొమ్మిది.

సన్యాసినాయుడి భుజాలు వాలిపోయాయి. "సోఫా అన్నావు కదే?"

"సోఫాయే మావా. స్ప్రింగు పైకొచ్చిన సోఫా."

"మరి చెప్పవేం? పద, దిగు. మానేద్దాం. నీ నడుంకంటేనా సీలేరు?" అని కాలు దింపబోయాడు.

వరహాలమ్మ ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుంది. "ఇదిగో, ఇందుకే చెప్పను. కిందటేడు ఇదే మాటన్నావు. నీకంటేనా, నీకంటేనా అని ఇంటిదాకా అదే పాట. ఆ దారి నా కోసం మానేశావని నువ్వనుకున్నావు. చూద్దామనుకున్నదాన్ని నేనని నీకు తట్టిందా? కూకో. దిగావంటే పెట్టెబండెక్కి నేనొక్కదాన్నీ పోతాను సీలేరు. నువ్వింటికాడ అన్నం వండుకో."

ఆయన కాలు మళ్లీ ఫుట్‌రెస్టు మీద పెట్టుకుని కూర్చున్నాడు. గవర్రాజు టోపీ సర్దుకుని గోడ వైపు చూస్తున్నట్టు నటించాడు గానీ ఒక్క మాట వదల్లేదు.

బాణం రకంలో వెనక సీటు పైకి లేచిపోయింది. "ఓలమ్మ, అటక మీదెక్కించావేటి!" అని అరిచింది వరహాలమ్మ. అంకె పడకముందే నూకరత్నం దాన్ని తిప్పేసింది.

మధ్యరకం వచ్చింది. సీటు సన్నమై, ముందూ వెనకా ఒకటే ఎత్తున పొడుగ్గా సాగింది. ఫుట్‌రెస్టులు కిందికి జారి వరహాలమ్మ పాదాలకి అందాయి. తుంటి వదులైంది. సన్యాసినాయుడు కొంచెం ముందుకి వంగాడు. ఆ వంగడంతో ఆయన భుజం మీదుగా ఆవిడకి దారి కనబడింది. గజరకం మీద ఆవిడకి కనబడింది ఆయన వీపే. ఇప్పుడు గుంత ముందే కనబడుతోంది, ఒళ్లు ముందే సర్దుకుంటోంది. గోడ మీద లంబసింగి మంచు వచ్చింది. మంచులోంచి సిల్వరోకు చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ తోటలు. ఫంకా గాలి చల్లబడింది.

నూకరత్నం అంకె చూడడం మర్చిపోయింది, వెనక సీటు నుంచి మాటలు వినబడుతుంటే.

"మావా, నీ టీకొట్టు మలుపు ఇదేనేటి?"

"ఇది కాదే. ఇంకా రావాలి. అక్కడ ఎడం పక్కన రాయుంటుంది, ఏనుగు పడుకున్నట్టు."

"వానాకాలం దారి కోసుకుపోయిందన్నావు, అది ఎక్కడ?"

"అదిగో, అదే. ఇప్పుడు దాటామే, తెలిసిందా నీకు?"

"తెలీలేదు మావా."

"మరి! ఎవరు పూడ్చారనుకున్నావు?"

నూకరత్నం తలెత్తి చూసేసరికి గోడ మీద ఎనభై మూడు వెలుగుతోంది. దాని పక్కనే పొందిక పాత అంకెలు కూడా తెచ్చి పెట్టుకుంది.

"నడిపేవారికి గజరకం మేలు. వెనక ఉన్నవారికి మధ్యరకం మేలు. ఎవరి సుఖం లెక్క?"

"నాకు తగ్గితే ఏటి, మణికట్లు కాస్త లాగుతాయి. దారిలో రెండుసార్లు ఎక్కువ ఆగి టీ తాగుతాం," అన్నాడు సన్యాసినాయుడు. "ఇద్దరిదీ లెక్క."

"ఇద్దరికీ గడి లేదు," అంది పొందిక.

"లేకపోతే పెట్టుకో," అంది వరహాలమ్మ, కోడలికి వంటింట్లో చోటు చూపించినంత తేలిగ్గా.

గోడ ఖాళీ అయిపోయింది. ఘాటురోడ్డు లేదు, మంచు లేదు. ఫంకా ఆగింది. ఇదేమైనా చెడిపోతే నూకరత్నం చేతి మీదుగా చెడినట్టే. అంతలో ఫోను మోగింది, నర్సీపట్నం శాల నుంచి. "ఏటే రత్నం, మీ దగ్గరేటైంది? మా గోడలన్నీ ఆగిపోయాయి. చోడవరంలోనూ అంతేనట. పొందిక పలకట్లేదు."

నూకరత్నం ఊయలబండి మీది ఇద్దరినీ చూసింది. వాళ్లకి గోడ ఆగిందన్న ధ్యాసే లేదు. కేరేజీలో పెట్టుకునేది పులిహోరా దద్దోజనమా అన్న వాదంలో పడ్డారు.

"ఏం కాలేదు వదినా. ఆలోచిస్తోంది. ఆలోచించుకోనీ," అంది.

కాసేపటికి గోడ వెలిగింది. "మధ్యరకం. నడిపేవారు: సన్యాసినాయుడు. వెనక..." అక్కడ గీత మినుకుమినుకుమంటూ నిలబడింది. ఇందాక అరవై రెండు కిలోలన్న చోటు అది. నూకరత్నం వెనక్కి తిరిగింది. "పిన్నీ, నీ పేరు అడుగుతోంది."

"వరహాలమ్మని చెప్పు. హ తప్పకుండా రాయమను, రేషనుకార్డులో మింగేశారు."

ముద్ర పడింది. ఆ మొగుడూ పెళ్లాలు షెడ్డులో బండి తీసుకుని, చెరకుసారం పట్టించుకుని, గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆవిడ డ్రెస్సు అంచు కాళ్ల కింద నొక్కుకున్నాక కొండ వైపు తిరిగారు. కాగిన పాకం వాసన చాలాసేపు గుమ్మంలో నిలిచింది.

"ఇంక నా వంతు కదా," అన్నాడు గవర్రాజు లేచి. "నాకీ గొడవ లేదమ్మా. ఒక్కణ్ణే. గజరకం ముద్ర వేసెయ్, పోతాను."

నూకరత్నం మెత్తని తుడిచి, ముందు సీటు మీద బిగించింది. ఆయన ఎక్కి కూర్చున్నాడు. ఊయలబండి కదల్లేదు. గోడ మీద దారి రాలేదు. రెండే మాటలు వచ్చాయి: "వెనక ఎవరు?"

"ఎవరూ లేరు. కానియ్," అన్నాడు గవర్రాజు.

మాటలు పోలేదు. "వెనక ఎవరు?"

ఫోను మళ్లీ మోగింది, చోడవరం నుంచి. తరవాత నర్సీపట్నం నుంచి. ఎత్తకుండానే నూకరత్నానికి తెలిసిపోయింది. కొండవాలు పొడుగునా ఊయలబళ్ల మీద కూర్చున్న మనుషులందరూ ఈపాటికి గోడ వైపు చూస్తూ, తలలు గోక్కుంటూ ఉంటారు. ఆమె ఫోను తీసి బల్ల మీద బోర్లా పెట్టి, టిఫిను డబ్బా మూత విప్పింది.

గవర్రాజు చాలాసేపు ఆ రెండు మాటల్నీ చూశాడు. ఒకసారి వెనక్కి తిరిగి ఖాళీ సీటుని కూడా చూశాడు. ఆఖరికి టోపీ తీసి ట్యాంకు మీద పెట్టి, జేబులోంచి ఫోను తీశాడు.

"అక్కా, నేను, గవర్రాజుని... ఒంట్లో బాగానే ఉంది. ఊరికే చేశాను. ఊరికే చెయ్యకూడదేటి? ... అది కాదే, ఒక్క మాట అడుగుతాను చెప్పు. బండెక్కితే నువ్వు అడ్డంగా కూకుంటావా, అటూ ఇటూ కాళ్లేసుకుంటావా?"