ఊరట పొందిన సభ్యురాలు

ఉదయం ఎనిమిదింటికల్లా సువర్చల అరవై మూడు మందితో మాట్లాడేసింది. అప్పటికి ఆమె ఇంకా పళ్ళయినా తోముకోలేదు.

నిజానికి మాట్లాడింది ఆమె బదులి. చెవి వెనక చింతగింజంత ఉండే ఈ పరికరం లేని మనిషి ఇప్పుడు విశాఖపట్నంలో అరుదు. మనిషి గొంతు, మాటతీరు, నవ్వు, విసుగు అన్నీ ఏడాదిపాటు నేర్చుకుని, ఆ తర్వాత ఆ మనిషి తరఫున ఒకేసారి ఎంతమందితోనైనా మాట్లాడుతుంది. పెళ్ళిపిలుపులు, అద్దెవాళ్ళతో తగాదాలు, ఆసుపత్రిలో ఉన్న పెద్దత్తగారికి పరామర్శలు అన్నీ బదులులే చూసుకుంటున్నాయి. దీనివల్ల ప్రజలకు బోలెడంత తీరిక దొరికిందని ప్రభుత్వం ఏటా ప్రకటిస్తుంది. ఆ తీరిక ఎక్కడికి పోతోందో మాత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

సువర్చల ‘మొగసూచి’ అనే సాఫ్ట్‌వేర్‌కు పెద్దదిక్కు. ఏరు సముద్రంలో కలిసే చోటును జాలర్లు మొగ అంటారు. అక్కడ ఇసుక మేట వేసి ఉంటుంది కనక నీళ్ళు చాలినప్పుడే పడవ దాటాలి. ఏ రేవులో ఏ వేళకు ఎంత లోతు ఉంటుందో మొగసూచి లెక్కగట్టి చెబుతుంది. దాన్ని రాస్తూ దిద్దుతూ ఉండే పరిశోధకులు తీరం పొడవునా తొమ్మిది వందలమంది ఉన్నారు. ఇలాంటి సమూహాలు చెదిరిపోకుండా నిలబెట్టేవాళ్ళకు ‘గణనమిత్ర’ ఫెలోషిప్ ఇస్తారు. అది ఉన్న మూడేళ్ళూ పాఠాలు చెప్పే పని ఉండదు, సమూహమే ఉద్యోగం. సువర్చల మూడేళ్ళు ఈ నెలతో అయిపోతున్నాయి. ఇవాళ పొడిగింపు రాకపోతే ఆమె తిరిగి కాలేజీకి పోవాలి, మొగసూచికి దిక్కుండదు.

“అంకె ఎంతుంది?” అని అడిగింది, కాఫీ కలుపుకుంటూ.

“తోడుమానం తొంభై ఏడు” అంది బదులి, అచ్చం ఆమె గొంతుతోనే.

తమ మాటను ఎవరో విన్నారని సమూహంలో ఎంతమంది అనుకుంటున్నారో కొలిచే అంకె తోడుమానం. ఫెలోషిప్ సంఘంవాళ్ళకు దాని మీద గురి ఎక్కువ. అంకెతోపాటు ఒక పాత ఆచారాన్ని కూడా వాళ్ళు వదలలేదు. సమూహం నుంచి ఒకరు బదులి లేకుండా స్వయంగా వచ్చి, ఫెలో గురించి నోటితో చెప్పాలి.

“సాక్ష్యానికి ఎవరొస్తున్నారు?”

“మైలపల్లి పోలేశ్వరి. గుల్లరేవు. మీతో అందరికన్నా ఎక్కువసార్లు మాట్లాడిన సభ్యురాలు. రెండేళ్ళలో నాలుగు వందల పదకొండు సార్లు.”

సువర్చలకు ఆ పేరే గుర్తు రాలేదు. “ఏం మాట్లాడుకున్నాం?”

“ఊరట పొందిన సభ్యుల సంగతులు చెప్పొద్దని మీరు నియమం పెట్టారు. తెరవమంటారా?”

నియమం ఆమెదే. కొత్తలో బదులి రోజూ తొమ్మిది వందలమంది గోడూ ఏకరువు పెడుతుంటే తల వాచిపోయింది. ఇంకా కోపంగా ఉన్నవాళ్ళను మాత్రం తన దాకా పంపమని, శాంతించినవాళ్ళను వదిలేయమని చెప్పింది. అంత పని నెత్తినున్నవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు.

“ఇప్పుడెక్కడ కుదురుతుంది? నేనంటే అభిమానమేనా, అది చెప్పు చాలు.”

“మీరంటే ప్రాణం” అంది బదులి.

సిరిపురంలో సంఘం కార్యాలయం మెట్లెక్కుతుండగానే ఒక పాతికేళ్ళ అమ్మాయి ఎదురొచ్చి సువర్చల రెండు చేతులూ పట్టేసుకుంది. “అక్కా, నేను పోలేశ్వరిని. మొత్తానికి చూసేను మిమ్మల్ని” అంది. కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి. సువర్చల నవ్వి “రామ్మా, రా” అంది. ఇంత మంచి సాక్షి దొరకడం తన అదృష్టమనుకుంది.

సంఘం పెద్ద ఆచార్య తారకం ఒక స్టీలు పళ్ళెం ముందుకు తోసి, “చెవులు ఖాళీ చెయ్యండి” అన్నాడు. అందరూ బదులులను తీసి అందులో పెట్టారు. పోలేశ్వరి దగ్గర పెట్టడానికేమీ లేదు. ఆమె గుల్లరేవు జాలరి ఇంటి పిల్ల. నీటి లెక్కల మీద పరిశోధన చేస్తోంది. చేతులు కట్టుకుని నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

“మా రేవులో కొత్త జెట్టీ కట్టినప్పుడు నీటిమట్టం కొలిచే రాయిని పీకి, మూరెడు కిందకి పాతేరండి. ఆ సంగతి మొగసూచికి తెలీదు. అంచేత లేని మూరెడు నీళ్ళు ఉన్నాయని చెబుతాది. నేనది పట్టుకుని, ఆ రోజే అక్కకి ఫోన్ చేసేను.”

“మీరే మార్చేయలేదేం?” అన్నాడు తారకం.

“మార్చడం నాకొచ్చండి. కాని మన పద్ధతి తెలుసు కదండీ, సమూహం పెద్ద ‘తీసుకున్నాను’ అని సంతకం పెట్టకుండా లెక్కల జోలికి వెళ్ళకూడదు. అక్క ఉండగా ఆవిణ్ణి దాటి వెళ్ళడం మర్యాద కాదనుకున్నాను. అక్క ఒక్కసారి కూడా విసుక్కోలేదండి. ‘నీ మాట నా మనసులో ఉందమ్మా’ అనేవారు. రేవుల పైవాళ్ళు సంతకం పెట్టనివ్వడం లేదు కాబోలు, వాళ్ళతో పోట్లాడుతున్నారనీసి నాకు నేనే అనుకున్నాను.”

సువర్చల ఈ రాయి సంగతి ఇప్పుడే వింటోంది.

“మొన్న కార్తీకంలో మా నాన్న మొగసూచి చూసుకునే పడవ వదిలేరు. నీళ్ళు చాల్లేదు. ఇసక తగిలి పడవ తిరగబడిపోయింది. ముగ్గురు ఈదుకొచ్చేరు. మా నాన్నని మధ్యాహ్నం రెండింటికి ఒడ్డుకు తెచ్చేరు. ఇప్పుడు మావాళ్ళు గెడ వేసి లోతు చూసుకుంటన్నారండి. అక్క చెయ్యగలిగిందంతా చేసేరు, నేనది చెప్పడానికే వచ్చేను. ఆవిడకే ఇవ్వండి. ఇంకో మూడేళ్ళుంటే ఆ లెక్క ఎలాగైనా మార్పిస్తారు.”

తారకం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? సువర్చలగారూ, మీరు పైవాళ్ళకు రాసిన కాగితాలు జత చేయండి. సంతకం పెట్టేస్తాను.”

తర్వాత పంపుతానంటే సరిపోయేది. కాగితాలంటూ నాలుగు పుట్టించడం ఆ రోజుల్లో ఎంతసేపు? ఆ ఆలోచన తనకు వచ్చిందని సువర్చల తర్వాత ఎప్పుడూ దాచలేదు. కాని ఎదురుగా ఆ అమ్మాయి తనకేసి నమ్మకంగా చూస్తోంది. ఆ చూపు ముందు కూర్చోలేక లేచి నిలబడింది.

“కాగితాలు లేవండి. నేనెవరికీ రాయలేదు. ఈ అమ్మాయి చెప్పింది నేను ఇవాళే వింటున్నాను.”

సువర్చల తన నియమం గురించి చెప్పింది. ఊరట పొందినవాళ్ళ మాట తన దాకా రాదని, బదులి ఎంత బాగా ఓదారిస్తే తనకు అంత తక్కువ తెలుస్తుందని చెబుతుంటే, ఆ మాటలు ఎవరో పిచ్చివాళ్ళు చెబుతున్నట్టు ఆమె చెవులకే వినిపించాయి. బదులికి లెక్కలు ముట్టుకునే హక్కు లేదు. దానికి మాట్లాడడమే వచ్చు, అది మాట్లాడింది.

“ఆ నాలుగు వందల సార్లూ నువ్వు మాట్లాడింది నాతో కాదు, పోలేశ్వరీ.”

పోలేశ్వరికి వెంటనే అర్థం కాలేదు. “బదులి అయితే అది చెప్పాలి కదండీ.”

“అడిగితే చెబుతుంది.”

“ఎలా అడుగుతానండీ? ఏడుస్తన్న మనిషిని పట్టుకుని, నువ్వు మనిషివేనా అని అడుగుతామా?”

“ఎవరు ఏడ్చారు?”

“మీరే. నాన్నని ఒడ్డుకి తెచ్చిన రోజు. నాతోపాటు రెండు గంటలు ఏడ్చేరు. అది కూడా మీరు కాదా, మేడమ్?”

అక్క అనే పిలుపు పోయిందని సువర్చల గమనించింది. “ఆ వారమంతా నేను అరకులో ఉన్నాను. సెలవు పెట్టి వెళ్ళాను.”

సువర్చల ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెరిచింది. గుల్లరేవు లెక్క వెతికి, మూరెడు తగ్గించి, కింద ‘తీసుకున్నాను’ అని సంతకం పెట్టింది. మొత్తం నలభై సెకన్లు పట్టింది. ఆ నలభై సెకన్లూ పోలేశ్వరి తెర వంక చూస్తూనే ఉంది. పని అయిపోయిందని అర్థమయ్యాక సువర్చల వైపు తిరిగింది.

“ఇంతేనా?” అంది.

సువర్చల ముఖం సిగ్గుతో మండిపోతోంది. “నన్ను తిట్టమ్మా. ఏమైనా అను” అంది.

పోలేశ్వరి పళ్ళెం వంక చూసింది. “దాంతో ఒకసారి మాట్లాడనిస్తారా?” అని అడిగింది.

తారకం సువర్చల వంక చూశాడు. ఆమె తలూపి, పళ్ళెంలో తన బదులిని చూపించింది. పోలేశ్వరి ఆ గింజను అరచేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది.

“ఆవిడకి ఎందుకు చెప్పలేదక్కా నువ్వు?”

“నీ కోపంలో న్యాయం ఉంది పోలేశ్వరీ” అంది బదులి. సువర్చల గొంతే అది. కాని అందులో ఉన్న మెత్తదనంతో తాను ఎవరితోనైనా మాట్లాడి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. “నాన్నగారి సంగతి చెప్పడానికి అంత దూరం వచ్చావు. అందరి ముందూ చెప్పగలిగావు. ముందు ఏమైనా తిన్నావా, చెప్పు.”

పోలేశ్వరి భుజాలు కదిలిపోయాయి. అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. సువర్చల పరుగున వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బస్సులో ముక్కూమొహం తెలియని మనిషి తగిలితే జరిగినట్టు పోలేశ్వరి కొంచెం పక్కకు జరిగింది. అరచేతిని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

“లేదక్కా” అంది. “పొద్దున్నుంచీ ఏటీ తినలేదు.”