అందగత్తె పేరుపలక

మా చెల్లీ నేనూ ఒక పెద్ద తోటలో మొక్కలకు పేరుపలకలు రాసేవాళ్ళం. విషపు మొక్కల అద్దాల గది మా వంతు. నా అక్షరాలు ఎంత గుండ్రంగా ఉండేవంటే, తుమ్మెదలు పువ్వుల్ని వదిలేసి పలకల మీద వాలేవి. నవ్వకండి, నిజం.

ఆ గది మూల ఒక మొక్క. దాని నల్లటి పళ్ళు తడి కళ్ళలా మెరిసేవి. పేరు అట్రోపా బెల్లడోనా. మొదటి ముక్క గ్రీకు దేవతది, మనిషి ఆయుష్షు దారాన్ని కత్తిరించే ఆవిడ. రెండో ముక్క లాటిన్ కడుపున పుట్టిన భాషది, అందగత్తె అని అర్థం. మేం మాత్రం ముద్దుగా అత్తగారు అనేవాళ్ళం.

ఆ పేరును ఒక్కరే పూర్తిగా రాయకూడదని అక్కడ కట్టుబాటు. మొదటి ముక్క ఒకరు, రెండోది ఇంకొకరు. అలా అయితే ఎవరి దారం కత్తిరించాలో ఆవిడకు తేలదని తోట మేస్త్రి చెప్పేవాడు.

ఆ సాయంత్రం వాన. ఇంట్లో చంటిపిల్ల ఏడుస్తుంటుందని చెల్లికి తొందర. నేను తెల్లరంగు కలుపుకొచ్చేసరికి పలక పూర్తయిపోయింది.

"రెండూ నువ్వే రాసేశావా?"

"నువ్వొచ్చేలోపు నా పిల్లకు పెళ్ళీడొచ్చేలా ఉంది కదక్కా!"

వాన చప్పుడు ఆగిపోయింది. అద్దాల మీద నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి. కుళ్ళిన పండు వాసన, తియ్యగా...

కటక్.

చెల్లి మెళ్ళో పూసలు జలజలా రాలాయి.

కటక్.

నా జడ. ఏనుగును కట్టేయగలిగినంత జడ... తెగి నా పాదాల మీద పడింది.

"అక్కా..." అంది చెల్లి. "నా వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు..."

కొంగుతో రెండో ముక్క తుడిచేశాను. నేనే మళ్ళీ రాశాను. వాన చప్పుడు తిరిగొచ్చింది. చెల్లిని లాక్కుని ఎంత వేగంగా పరిగెత్తానంటే, ఒక్క చినుకూ మమ్మల్ని అందుకోలేకపోయింది.

మర్నాడు పలక కింద కొత్తగా ఒక అక్షరం. మా చెల్లి పేరులో మొదటిది. ఎంత తుడిచినా పోలేదు.

ఇద్దరం ముసలివాళ్ళమైపోయాం. ఇన్నేళ్ళలో అప్పుడొకటి, ఇప్పుడొకటి అక్షరాలు చేరుతూనే ఉన్నాయి. మా నాన్న చెల్లికి మూరెడు పొడుగు పేరు పెడితే చిన్నప్పుడు వెక్కిరించేదాన్ని. ఇప్పుడు రోజూ ఆయనకు దణ్ణం పెట్టుకుంటున్నాను.

నిన్న వెళ్ళి చూశాను. చెల్లి పేరు పూర్తవడానికి ఇంకొక్క అక్షరమే మిగిలింది. ఉన్నవన్నీ గుండ్రంగా, ముచ్చటగా... అచ్చం నా చేతిరాత.

పొద్దున్న లేచినప్పటి నుంచీ చెల్లికి ఫోన్ చేస్తున్నాను. మోగుతూనే ఉంది. నా గోళ్ళ సందుల్లో తెల్లరంగు...

ఇంకా తడిగానే ఉంది.