సరుకు చేరిందా, ఇండియా?

"ఇండోనేషియా గింత పంపిన అంటది, ఇండియా గంత రాలేదంటది! గిదేం ప్రాజెక్టు దానిష్? ఒక్కటే అట్టల వ్యాపారానికి గ్రాఫ్‌ల రెండు గీతలా? సెమినార్‌ల నా పరువు తీస్తవా?"

ఆఫియా ల్యాప్‌టాప్‌ను దానిష్ ఒళ్లోకి తోసింది. ప్రాజెక్టులో ఇండియా వంతు ఆమెది, ఇండోనేషియా వంతు అతనిది. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సు పాల్వంచ దాటాక అడవిలో ఆగింది. ముందు వాగు రోడ్డెక్కింది.

"తప్పు కాదు," అన్నాడు దానిష్. "పంపినోళ్లు ఓడ ఎక్కించంగనే రాసుకుంటరు. అందుకునేటోళ్లు రేవుల దిగినంకనే రాస్తరు. పదేండ్లవి చూడు, ఏ ఏడాదీ రెండు లెక్కలు కలవయి."

"సీట్ల కొట్లాట పోయి లెక్కల కొట్లాట వచ్చిందా?" అంటూ కండక్టర్ ప్రమీలారాణి నవ్వుకుంటూ పోయింది.

దానిష్‌కు నవ్వు రాలేదు. శుక్రవారం అమ్మీ బోనకల్ వెళ్లి అతనికి సంబంధం ఖాయం చేసుకొస్తానంది. ఆ సంగతి బస్సెక్కగానే ఆఫియాకు చెప్పాడు కూడా. వద్దనాలంటే ఒక పేరు చెప్పాలి. ఆ పేరు పక్క సీట్లో కూర్చుని మరమరాలు తింటోంది.

చెప్పలేదని కాదు. దానిష్ వాళ్లది పెళ్లికార్డుల ప్రెస్, ఆఫియా వాళ్లది మిఠాయి డబ్బాల కార్ఖానా. కొత్త అట్ట వచ్చినప్పుడల్లా సాంపిల్ కార్డు కొట్టి "ఎట్లుందో చూడు" అని ఇచ్చేవాడు. వరుడు దానిష్, వధువు ఆఫియా, బంగారు రంగులో! ఆమె దాన్ని మడిచేది, మడత మీద గోరుతో గీకేది. "పగుల్తది. మా లడ్డూలకు పనికిరాదు" అని తిరిగిచ్చేది.

ఇవాళ ధైర్యం చేసి ఇంకొకటి తీశాడు. ఆఫియా వంచింది, గీకింది, కిటికీలోంచి చెయ్యి చాపి దాని మీద నాలుగు వాన చినుకులు పట్టింది.

"బలం లేదు."

"అరే, అట్ట సంగతి ఇడిసిపెట్టు!" దానిష్‌కు ఒళ్లు మండింది. "మీద ఏమున్నదో చదువు! ఏడాది సంది పంపుతున్న. నీకు ఒక్కటన్న చేరిందా?"

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. ఆఫియా తాపీగా పొట్లం మడిచింది.

"మొదటిదే చేరింది. సరుకు ఎప్పుడో దిగింది, నేనే లెక్కల చూపెట్టలే."

"ఎందుకు?"

"నోరు తెరిచి చెప్తవేమోనని. అట్టలు మంచిగనే ఉండె, నీకే నోరు లేకపాయె."

"ఏడాది సతాయించినవా నన్ను?"

"అవ్. మస్తు మజా వచ్చింది."

కోపం రావాల్సింది. రాలేదు. దానిష్‌కు ఆ వానలో దిగి గంతులేయాలనిపించింది.

"ఇగ దీంట్ల ఒక తప్పున్నది," అంది ఆఫియా కార్డు చూస్తూ. "తేదీ లేదు. అమ్మీకి ఫోన్ చెయ్యి, బోనకల్ వద్దు, మా ఇంటికి రమ్మను. జల్దీ, సిగ్నల్ పోతది!"

ఫోన్ తీసి నొక్కాడు. కంగారులో స్పీకర్ ఆన్ అయింది.

"అమ్మీ... బోనకల్ పోకు. ఆఫియా..."

"హమ్మయ్య, చెప్పినవా!" అమ్మీ గొంతు బస్సంతా వినిపించింది. "ప్రెస్‌ల నువ్వు పారేసిన కార్డులన్నీ ఏరి పెట్టింది ఎవరనుకున్నవ్‌రా? నీ నోరు తెరిపించనీకే బోనకల్ పేరు తీసిన. ఆ పిల్లకు చెప్పు, శుక్రవారం లడ్డూలు తెస్తున్న, డబ్బాలు గట్టియి చేసిపెట్టమను!"