ఎర్ర రింగు, నీలం రింగు

ఎప్పటిలాగే ఆవిడ షెడ్డులో మేత పోసి, కోళ్ళను పేరుపేరునా పలకరించి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చింది. కూతురు కాగితం వంక చూస్తూ కూర్చుంది. ముందున్న కాఫీ చల్లారిపోయింది.

"ఏమైందే?"

"నా టీకా పనిచెయ్యలేదమ్మా. సోమవారం ప్రాజెక్టు మూసేస్తారు."

ఆరేళ్ళుగా కూతురికి ఆ టీకాయే లోకం. కోళ్ళకు తెగులు తెచ్చే వైరస్ పైతొడుగులోని ప్రొటీన్‌ను ఈస్టు చేత తయారు చేయిస్తుంది. ఈస్టంటే రొట్టెల పిండిని పొంగించేదే. "దొంగ చొక్కా ముందే చూపిస్తామమ్మా. రేపు దొంగ వస్తే కోడి ఒళ్ళు గుర్తుపట్టి తరిమేస్తుంది," అనేది.

కూతురు పనిచేసే ఆఫీసు ఒప్పుకుంటే ఇంటి షెడ్డులోనే వంద కోళ్ళకు పరీక్ష పెట్టారు. సగం కోళ్ళ కాళ్ళకు నంబర్లున్న ఎర్ర రింగులు, సగానికి నీలం రింగులు తొడిగి, ఒక రంగుకు టీకా, రెండో రంగుకు ఉత్త ఉప్పునీళ్ళు వేశారు. ఏ రంగు రింగు కోళ్ళకు ఏది వేశారో ఆఫీసు కవరులో సీలు వేసి దాచారు. నిన్ననే విప్పారు.

"టీకా ఎర్ర రింగులకు. తీరా రక్తంలో రక్షణ వచ్చిందా అని చూస్తే రెండు రంగుల్లోనూ కలగాపులగంగా ఉంది," అంది కూతురు.

ఆవిడ చల్లారిన కాఫీ కప్పు తీసి మళ్ళీ అక్కడే పెట్టింది. చెబితే కూతురి పరువు పోతుంది, చెప్పకపోతే ప్రాజెక్టే పోతుంది.

"రింగులు నేనే మార్చానే."

"ఏంటీ?"

"సూదులేసిన మర్నాడు ఎర్ర రింగులవి ఇరవై డీలా పడ్డాయి. నీకు ఎరుపంటే ఇష్టం కదా, నీ మందు వాటికే వేసుంటావనుకున్నా. నీకు చెడ్డపేరొస్తుందని ఆ రింగులు తీసి హుషారుగా ఉన్న నీలం రింగులవాటికి తొడిగి, వాటివి వీటికి..."

"అమ్మా! టీకా పడితే కోడి ఒకట్రెండు రోజులు డీలా పడుతుంది! చిన్నప్పుడు నా హోంవర్కు నువ్వే చేశావు, సరే. ఇప్పుడు కూడానా? నా పని నన్ను చేసుకోనివ్వవా?"

ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని షెడ్డులోకి నడిచింది. కోళ్ళను ఒక్కొక్కటే పట్టుకుంది. "ముక్కు వంకరది, డీలా పడింది. రాణీగారు, అదీ అంతే. ఈ తిండిపోతు ఆ రోజు మేతే ముట్టలేదు..."

కూతురు రింగు నంబర్లను జాబితాతో సరిచూసింది. నీలం రింగులున్నా రక్తంలో రక్షణ కనిపించినవి సరిగ్గా ఆ ఇరవయ్యే. మేత బస్తా మీద కూలబడిపోయింది.

"పనిచేసిందమ్మా."

"అయితే ఆఫీసులో చెప్పెయ్!"

"నీ జ్ఞాపకం లెక్కలోకి రాదు. జరిగింది జరిగినట్టు రాసి, మళ్ళీ పరీక్ష పెట్టమని అడుగుతా."

"తప్పు నాదని రాయి."

"రాయకుండా వదుల్తానా?" అంది కూతురు ఏడుస్తూనే నవ్వి.

ఆఫీసువాళ్ళు నానా చీవాట్లూ పెట్టి, చివరికి ఒక్క అవకాశం ఇచ్చారు. కొత్త కోళ్ళు, కొత్త రింగులు. షెడ్డు తాళం మాత్రం కూతురు మళ్ళీ తల్లి చేతిలోనే పెట్టింది.

సూదులేసిన మర్నాడు ఆవిడ తలుపు తీసింది. చాలా కోళ్ళు రెక్కలు వాల్చి మూలల్లో ముడుచుకుని ఉన్నాయి. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు జలజలా కారాయి. రింగుల జోలికి పోకుండా చేతులు వెనక్కి కట్టుకుంది.

ఫోను మోగింది. "ఎలా ఉన్నాయమ్మా?"

"నన్నడక్కు," అంది ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ. "రక్తం చెబుతుంది."