నాన్న వేసిన టెండరు

ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె కోసం తండ్రీకూతుళ్ళు పోటీ పడటం ఎప్పుడూ లేదు. తండ్రికి నలిగిన చొక్కా అయినా ఒకటే, మడత నలగని చొక్కా అయినా ఒకటే. ఎలాగూ పనిలోకి వెళ్ళిన కాసేపటికి దానిమీద సిమెంటు పడుతుంది. కూతురేమో ముందురోజే అన్నీ సర్దుకునే మనిషి. అలాంటిది ఆ పొద్దున ఇద్దరూ వంటింటి పక్కనున్న బల్ల దగ్గర చెరో చొక్కా పట్టుకుని నిలబడ్డారు.

"నువ్వు ముందు చేసుకో, ఇంజినీరమ్మా. నాదేముంది, చిన్న పని," అన్నాడు తండ్రి.

"నాదీ చిన్న పనే నాన్నా. ఆఫీసులో ఏదో మీటింగు," అంది కూతురు, ఆయన మొహంలోకి చూడకుండా.

పొయ్యి దగ్గర తల్లి మాత్రం పాలగిన్నెని కన్నార్పకుండా చూస్తోంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరికీ తెలుసు. అలాంటిది రెండు రహస్యాలు కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. ఊళ్ళో కట్టబోయే కమ్యూనిటీ హాలుకి టెండరు వేశాననీ, ఆ పని చేతికొచ్చాకే అమ్మాయికి చెప్పాలనీ భర్త ఒట్టు వేయించుకున్నాడు. ఆ టెండర్లు చూసే కమిటీలో తననీ వేశారనీ, అంతా అయ్యాక నాన్నకి తనే చెబుతాననీ కూతురు బతిమాలుకుంది. మునిసిపల్ ఆఫీసులో చేరాక ఆమెకి అంత పెద్ద బాధ్యత రావడం అదే మొదలు. నాన్న కట్టేవి చిన్న చిన్న ఇళ్ళు. ఆయన ఆ పనికి వస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

తల్లికైతే ఇందులో తప్పేమీ కనబడలేదు. 'కవరు వేసింది ఈయన, తెరిచేది అది. ఇంతకంటే మంచి శకునం ఏముంది?' అనుకుని, ఇద్దరికీ కాఫీలో పంచదార ఒక చెంచా ఎక్కువ వేసింది.

మునిసిపల్ ఆఫీసు మేడమీద హాల్లో కాంట్రాక్టర్లందరూ వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. కమిటీ పెద్ద, నెరిసిన జుట్టున్న చీఫ్ ఇంజినీరు, ఒక్కో కవరూ పైకెత్తి సీలు అందరికీ చూపించి, సంస్థ పేరు చదివి తెరుస్తున్నాడు. కూతురు ఆయన పక్కన కూర్చుని పేర్లు రాసుకుంటోంది. అలా రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయింది. ఆయన చదివింది తన తల్లి పేరు. ఆ పేరు వెనక 'కన్‌స్ట్రక్షన్స్' అని ఉంది.

తలెత్తి చూసింది. వెనక వరసలో, పొద్దున తను ఇస్త్రీ చేసిపెట్టిన నీలం చొక్కాలో నాన్న. ఆయన కూడా అప్పుడే చూశాడు. మొదట నోరు తెరిచాడు. తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది. పక్కవాణ్ణి మోచేత్తో పొడవబోయి, మళ్ళీ తమాయించుకున్నాడు.

ఆమె కలం కిందపెట్టి లేచి నిలబడింది. "అయ్యా, ఈ టెండరు వేసింది మా నాన్నగారు. నాకు ఇప్పుడే తెలిసింది. నేను ఈ కమిటీలో ఉండటం పద్ధతి కాదు."

చీఫ్ ఇంజినీరు కళ్ళజోడు మీదుగా ఆమెని చూసి, నెమ్మదిగా తల ఊపాడు. "మంచిదమ్మా. మీ బదులు ఇంకొకరిని వేసుకుంటాం."

తలుపు దాకా నడిచినంతసేపూ ఆమె వెనక్కి తిరగలేదు. నాన్న మొహంలో వెలుగు ఆరిపోవడం చూడాల్సి వస్తుందని భయం.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తండ్రి ముందే వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఒకేసారి వంటింటి వైపు తిరిగారు.

"అమ్మా! నీకు తెలుసా?"

"ఏమే! నీకు ముందే తెలుసా?"

తల్లి గరిటె అడ్డం పెట్టుకుంది. "నన్నంటారేం? చెప్పొద్దని మీరు, చెప్పొద్దని అది. జన్మకి ఒక్కసారి నోరు కట్టుకున్నానే, దానికీ తిట్లేనా?"

ముగ్గురూ నవ్వారు. తండ్రి కూతురి భుజం తట్టి, "బాగా చేశావు. లేచి నిలబడ్డప్పుడు మా అమ్మాయేనా అనిపించింది," అన్నాడు. కానీ ఆ మాట చెబుతూ చొక్కా బొత్తాం తిప్పుకుంటున్నాడు. మనసులో ఉన్నదొకటి, పైకి అంటున్నదొకటి అయినప్పుడు ఆయన అలాగే చేస్తాడు.

ఆ తర్వాత రోజుల్లో ఆయన్ని చూస్తే ఇద్దరికీ ముచ్చటేసేది. భోజనాల బల్ల మీద కాయితాలు పరిచి హాలు బొమ్మ గీసేవాడు. గుమ్మం ఇటు, మెట్లు అటు, ముసలివాళ్ళకి నీడలో బెంచీలు. "మధ్యలో ఒక్క పిల్లరు కూడా ఉండకూడదన్నారు. పిల్లలు ఈ చివరినుంచి ఆ చివరికి పరిగెత్తాలిట," అని భార్యకి చెప్పి మురిసిపోయేవాడు. కూతురు వస్తే మాత్రం కాయితాలు మడిచేసేవాడు. అడగకూడదని ఆయనకి తెలుసు, చెప్పకూడదని ఆమెకి తెలుసు. ఇద్దరి మధ్యా తల్లి అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయింది.

ఆఖరికి ఫలితం వచ్చింది. పిల్లర్లు లేని పెద్ద పైకప్పు ఇదివరకు ఎక్కడా కట్టలేదన్న కారణంతో ఆయన టెండరు మొదట్లోనే పక్కన పెట్టేశారు. పని ఇంకో కాంట్రాక్టరుకి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఆయన భోజనానికి లేవలేదు. కూతురే వెళ్ళి పక్కన కూర్చుంది.

"నాన్నా, రా. చల్లారిపోతోంది."

"ఆకలి లేదు." గోడవైపు చూస్తూ అన్నాడు. "నాకు ఇప్పించమని నేనెప్పుడైనా అడిగానా? లేదు కదా. కానీ నువ్వు ఆ గదిలో ఉండి ఉంటే కనీసం ఒక్క మాట చెప్పేదానివి. ఈ మనిషి పని ఎలాంటిదో తెలిసినవాళ్ళు అక్కడ ఒక్కరైనా ఉండేవాళ్ళు."

"ఉన్నా చెప్పేదాన్ని కాదు నాన్నా."

"పద్ధతి కాదనా?"

ఆమె సమాధానం ఇవ్వకుండా ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆయనతో అబద్ధమాడటం ఆమెకి చిన్నప్పటినుంచీ చేతకాదు. "అది ఒక్కటే కాదు. అలాంటి పైకప్పు నువ్వు ఎప్పుడూ వెయ్యలేదు. నువ్వు ఎవరో తెలియకపోయినా, ఆ కవరు నా ముందుకొచ్చి ఉంటే నేనూ పక్కనే పెట్టేదాన్ని."

తండ్రి మొహం తిప్పి ఆమెని చూశాడు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఓహో. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నమాట. నా పని మీద నీకూ నమ్మకం లేదా?"

"అలా కాదు నాన్నా..."

"ఈ ఊళ్ళో సగం వీధుల్లో నేను కట్టిన ఇళ్ళున్నాయి తెలుసా? తాళాలు చేతిలో పెట్టేదాకా మేస్త్రిగారూ, మేస్త్రిగారూ. పెట్టాక ఆ గుమ్మం నాది కాదు. ఆ వీధిన పోతూ కాసేపు నిలబడి చూస్తే, ఎవరు కావాలి అని అడుగుతారు. ఈ హాలు ఊరందరిదీ. ఒక్కటి, అలాంటిది ఒక్కటి కడితే, ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికెళ్ళి కూర్చోవచ్చు అనుకున్నా. మీ అమ్మని తీసుకెళ్ళి, ఇదిగో, ఇది నేను కట్టానే అని చూపించుకోవాలనుకున్నా. అంతకంటే పెద్ద ఆశ ఏం లేదు నాకు."

కూతురు ఇన్నేళ్ళూ ఆయన సంపాదనతో చదువుకుంది. ఆయన కట్టిన ఇళ్ళ ముందునుంచే బడికి వెళ్ళింది. ఆయన ఒక్క ఇంట్లోకీ మళ్ళీ అడుగు పెట్టలేదని ఎప్పుడూ ఆలోచించలేదు.

వంటింట్లోకి వచ్చి తల్లి భుజం మీద తలపెట్టి ఏడ్చింది. "అబద్ధం చెప్పి ఉండాల్సిందా అమ్మా?"

"ఎందుకు చెప్పడం? నిజమే చెప్పావు. కాకపోతే దెబ్బ పచ్చిగా ఉండగానే చెప్పావు." తల్లి చీకటి పడ్డ వరండా వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయనకి నీమీద కోపం లేదు. నువ్వు గొప్పదానివైతే ఆయనకి గర్వం. నీ కళ్ళల్లో తను చిన్నవాడైపోయాడేమోనని బెంగ. ఆ బెంగ తీర్చాల్సింది నువ్వే."

ఆదివారం పొద్దున కూతురు తండ్రి చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"పద నాన్నా. నువ్వు కట్టిన ఇల్లు ఒకటి చూపించు."

"బయటనుంచి చూసేదేముంది?"

"బయటనుంచి ఎందుకు? లోపలికే."

"పిచ్చా నీకు? ఎవరో ఏమో అనుకుంటారు. ఉన్న పరువు కాస్తా..." అంటూనే ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. వెనకనుంచి తల్లి, "కాస్త మంచి చొక్కా వేసుకోండి!" అని కేకేసింది. ఎవరూ వినిపించుకోలేదు.

ఎత్తుమీదకెక్కే ఓ ఇరుకు వీధి చివర పసుప్పచ్చ ఇల్లు. తలుపు తట్టబోతే తండ్రి నాలుగడుగులు వెనక్కి వేసి, దారిన పోయేవాడిలా అటు తిరిగాడు. తలుపు తీసింది ఓ పెద్దావిడ. మెడలో టేపు వేలాడుతోంది. ఆవిడ దర్జీ.

"అమ్మా, ఈ ఇల్లు కట్టింది మా నాన్న. అభ్యంతరం లేకపోతే ఒక్కసారి లోపల చూసి వెళతాం," అంది కూతురు.

దర్జీ ఆమె భుజం మీదుగా తొంగిచూసింది. "అయ్యో, మేస్త్రిగారూ! అక్కడే నిలబడిపోయారేం? రండి, రండి!"

తండ్రి చెప్పులు విప్పి, కొత్తచోటికి వచ్చినట్టు బెరుగ్గా లోపల అడుగుపెట్టాడు. ముందుగదిలో కుట్టుమిషను. దాని పక్కన ఆ గోడకి మించిందేమో అనిపించేంత పెద్ద కిటికీ. మిషను మీద, కుడుతున్న గుడ్డ మీద తెల్లటి వెలుతురు పడుతోంది.

"ఇదిగోమ్మా, మా ఇంటాయన చిన్న కిటికీ చాలన్నాడు. మీ నాన్నే, 'ఆవిడ రోజంతా సూదిలో దారం ఎక్కించాలి, వెలుతురు కావాలి' అని పోట్లాడి మరీ పెట్టించారు. ఆ రోజుల్లో నాకు తెలియలేదు. ఇప్పుడీ వయసులో కూడా లైటు వేసుకోకుండా కుడుతున్నాను." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా రాలేదేం మీరు?"

"పిలవకుండా ఎలా వస్తానమ్మా?"

"కట్టినవాడికి పిలుపెందుకండీ?"

ఆయన కిటికీ దగ్గరికెళ్ళి, చట్రం మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. కూతురు చూసింది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

తిరుగుదారిలో వీధి దిగుడులో ఆయనే ఆగాడు.

"ఆ పైకప్పు నేను వెయ్యలేనంటావా?"

"నేర్చుకుంటే వేస్తావు. కానీ ఊళ్ళో పిల్లలందరినీ కింద కూర్చోబెట్టి నేర్చుకోకూడదు కదా నాన్నా."

ఆయన చటుక్కున నవ్వాడు. "నీకొకటి చెప్పనా? ఆ బొమ్మ గీసినన్నాళ్ళూ మధ్యలో ఓ పిల్లరు పెట్టమని నా చెయ్యి పోరుతూనే ఉంది. అది లేకపోతే నాకే భయం. నువ్వన్నది నిజం. నీ నోటినుంచి వినడమే కష్టమైంది."

"నా నమ్మకం ఎక్కడికీ పోలేదు నాన్నా. నేను రోజూ నిద్రపోయేది నువ్వు వేసిన స్లాబు కిందే."

తండ్రి ఆమె తల నిమిరాడు. ఆమె ధైర్యం తెచ్చుకుంది. "ఇంకో సంగతి. పని నీకు రాలేదు కాబట్టి, ఆ హాలు దగ్గరుండి కట్టించే బాధ్యత నాకిస్తామంటున్నారు. నీకు కష్టంగా ఉంటుందేమోనని ఒప్పుకోలేదింకా."

ఆయన నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. వెనకనుంచి సైకిలు గంట మోగితే కూడా పక్కకి జరగలేదు. ఆమే ఆయన్ని పక్కకి లాగింది.

"ఒప్పుకో. రేపే వెళ్ళి ఒప్పుకో. ఆ పైకప్పు వేసే రోజు అక్కణ్ణుంచి కదలకు. ఎవడు తొందరపెట్టినా వినకు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అది పూర్తయ్యాక నేనూ మీ అమ్మా వచ్చి ఓ బెంచీ మీద కూర్చుంటాం. ఎవరైనా వచ్చి ఎవరు కావాలి అని అడిగితే చెబుతా. మాకెవరూ అక్కర్లేదు, ఇది మా అమ్మాయి కట్టించింది, చూసుకుని పోదామని వచ్చాం అని."

ఆమె రోడ్డుమీదే ఆయన్ని కావలించుకుని భోరుమంది. ఆయన ఆమె వీపు నిమురుతూ, చూస్తున్న సైకిలతనికి, "ఏం లేదు బాబూ, మా అమ్మాయి," అని చెప్పాడు.